వడకట్టిన నీళ్లు

పాతపట్నం,
4 జూలై 2024

మహతికి,

నీ ఉత్తరం చేరింది. "నేను మీ చెల్లెలు హైమవతి కూతుర్ని, మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు" అని మొదలుపెట్టావు. చూడలేదు. మీ అమ్మ పెళ్లికే రానివాణ్ని, ఆ తర్వాతి శుభకార్యాలకు ఎలా వస్తాను? ముప్పై ఏళ్లయింది. ఫోన్ నంబరు అడిగావు. ఎదురుగా గట్టిగా అరిస్తే తప్ప నాకు వినపడదు. వినపడిన రోజుల్లో కూడా ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదని దాన్ని దూరంగానే ఉంచాను. ఏదైనా కాగితం మీద రాయి.

నా పుస్తకం శ్రీకాకుళంలో అచ్చుకు వెళ్లిందనీ, అందులో ఏడో అధ్యాయం మీ తాతగారు ప్రొఫెసర్ అనంతకృష్ణ మీదేననీ ప్రెస్సు త్రినాథ్ మీ నాన్న హరిచరణ్ చెవిన వేశాడన్నావు. నిజమే. ఆ అధ్యాయం పేరు "విషం". "తాతయ్యకు తొంభై ఒకటి, మంచం మీద ఉన్నారు, ఆయన ఉండగా వద్దు" అని బతిమాలావు. పోయినవాళ్ల మీద రాస్తే పిరికివాడంటారు, ఉన్నవాళ్ల మీద రాస్తే కర్కోటకుడంటారు. మనిషి మీద రాయడానికి మూడో కాలం ఏదైనా ఉంటే తెలియజేయి.

నువ్వు హైదరాబాదులో కణవిభజన మీదే పరిశోధన చేస్తున్నావు కనుక నీకు అర్థమయ్యేలా చెబుతాను. 1979. శ్రీకాకుళంలో రెండు గదుల ప్రయోగశాల. మీ తాతగారు గైడు, నేను విద్యార్థిని. జోగయ్య అనే అటెండరు కళింగపట్నం నుంచి సైకిలు మీద సముద్రపు నీళ్లూ, వలల్లో పడిన సీ అర్చిన్లూ తెచ్చేవాడు. ఒంటినిండా ముళ్లతో బంతిలా ఉండే జీవి. దాని గుడ్లను ఫలదీకరణ చేస్తే వేలకు వేలు ఒకేసారి, కవాతు చేస్తున్నట్టు, రెండుగా చీలతాయి. పది నిమిషాలకోసారి కొన్ని గుడ్లు తీసి, వాటిలో కొత్తగా తయారైన ప్రొటీన్లను ఫిల్ము మీద గీతలుగా చూశాను. గీతలన్నీ పోనుపోను ముదురుతున్నాయి. ఒక్కటి మాత్రం ముదిరి, గుడ్డు చీలే వేళకు మాయమైంది. మళ్లీ వచ్చింది. మళ్లీ మాయమైంది. గుడ్డు చీలిన ప్రతిసారీ ఒక ప్రొటీన్ చస్తోంది! ఆ ఫిల్ము పట్టుకుని ఆ రోజు నేను అన్నం తినలేదు.

"నా ఎదురుగా మళ్లీ చెయ్యి" అన్నారు మీ తాతగారు. చేశాను. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుడ్లు చీలలేదు, సగంలో బిగుసుకుపోయాయి. గీత ముదిరి అలాగే నిలిచిపోయింది. "మొదటిది పనికిరాదు, అంశం మార్చుకో" అన్నారు. నాలుగేళ్లకు ఎక్కడో చలిదేశపు ఒడ్డున వేరేవాళ్లు అదే జీవిలో అదే గీతను చూశారు. లోకం వాళ్లకు దండాలు పెట్టింది. నేను ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు కప్ప గుండె బొమ్మ గీయించాను.

ఆ రెండోసారి నీళ్లలో విషం పడింది. పక్క గదిలో వృక్షశాస్త్రం వాళ్ల కాల్చిసిన్ సీసా ఉండేది. కణాన్ని విభజన నడుమ ఆపేసే మందు అది. అలమారా తాళంచెవి మీ తాతగారి జేబులో ఉండేది. నీళ్లలో ఇంకే లోపమూ లేదు. మొదటిసారి జోగయ్య ఎలా పడితే అలా తెచ్చాడు గాని, రెండోసారి నేనే మా ఇంట్లో మడిబట్టలో వడకట్టి తీసుకెళ్లాను. జిల్లా మొత్తంలో అంతకంటే శుభ్రమైన గుడ్డ లేదు.

ఇక నీ అభ్యర్థన సంగతి నువ్వే ఆలోచించుకో.

మీ అమ్మకు అన్న,
జానకిరామయ్య


హైదరాబాదు,
15 జూలై

మావయ్య గారికి,

మీ చేతిరాత అమ్మ చేతిరాతలాగే ఉంది. "ళ"కు ఇద్దరూ ఒకేలా తోక లాగుతారు. విజయనగరంలో మా ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు చూపిస్తే కవరు మాత్రం చూసి లోపలికి వెళ్లిపోయింది.

ముందుగా ఒక మాట. మీ మొదటి ఫిల్ము నిజం. మీరు చూసిన గీత మీద బతుకుతున్న వందలమందిలో నేనూ ఒకదాన్ని. దాని సంగతి ఇప్పుడు మాకు ఇంకాస్త తెలుసు. ఆ ప్రొటీన్ పోగుపడితేనే కణం విభజనలోకి దిగుతుంది. కానీ అది ఉన్నంతసేపూ కణం బయటికి రాలేకపోతుంది. బయటపడాలంటే దాన్ని చంపాలి. అందుకు కణం దాని వీపు మీద చిన్న చిన్న చీటీలు అతికిస్తుంది, ఒకదాని మీద ఒకటి. చీటీలు పడ్డదాన్ని ఒక పీపాలాంటి యంత్రంలోకి లాగి ముక్కలు చేస్తుంది. ముక్కలు పారేయదు, మళ్లీ వాడుకుంటుంది.

దాన్ని చంపమనే హుకుం ఊరికే రాదు. పంచుకోవలసిన క్రోమోజోములన్నిటికీ రెండువైపుల నుంచీ తాళ్లు పడాలి. ఒక్కదానికి పడకపోయినా హుకుం ఆగిపోతుంది. కాల్చిసిన్ ఆ తాళ్లను అల్లుకోనివ్వదు. అంటే మీ రెండో ఫిల్ము కూడా నిజమే కావచ్చు. గుడ్లు చచ్చువి కావు. అవి ఎదురుచూశాయి.

రెండు ఫిల్ములకూ నకళ్లు పంపగలరా? మా దగ్గర సీ అర్చిన్లు లేవు, మనిషి కణాలున్నాయి. వాటికి కొంచెం కాల్చిసిన్ ఇచ్చి చూస్తాను. ఫలితం ఏదైనా దాచకుండా మీకు రాస్తాను. అప్పటిదాకా ఏడో అధ్యాయం ఆపండి. తాతయ్య కోసం కాదు, ప్రయోగం కోసం.

మీ మేనకోడలు,
మహతి


పాతపట్నం,
24 జూలై

మహతికి,

ఫలితం దాచనన్నావు. మీ వంశంలో అలాంటి మాట మొదటిసారి వింటున్నాను. ఆగస్టు నెలాఖరు దాకా ఆపమని త్రినాథ్‌కు కార్డు రాశాను. నకళ్లు ఇందులోనే ఉన్నాయి. తవిటమ్మ కొడుకు శివాజీ జిరాక్సు తీయించుకొచ్చాడు.

తవిటమ్మ నాకు రెండు పూటలా వండిపెట్టే మనిషి. నేను మేడ మీద గదిలో ఉంటాను. కిందికి పంతొమ్మిది మెట్లు. మా నాన్నకున్న కీళ్లవాతమే నాకూ వచ్చింది. బొటనవేలు వంకాయలా వాచి, మార్చి నుంచి ఆ మెట్లు దిగలేదు. "పల్లకీ కట్టించమంటారేటి?" అంటుంది తవిటమ్మ. డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. నీ ఉత్తరం చదివాక అట్ట తిప్పి చూశాను. కాల్చిసిన్! నలభై అయిదేళ్ల కింద నన్ను ఆపిన విషాన్నే ఇప్పుడు నీళ్లతో మింగుతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వు, నేను నవ్వలేదు.

నీ చీటీల సంగతి బాగుంది. కానీ అది మా ఇంట్లో కొత్త కాదు. మా తాతలు శ్రీముఖలింగంలో కైంకర్యం చేసినవాళ్లు. తెల్లవారి గుడి తలుపు తీయగానే మొదటి పని పూజ కాదు, నిర్మాల్యం తీయడం. నిన్న దేవుడి మెడలో వేసిన దండే అయినా సరే, అది తీయనిదే ఇవాళ్టి నీళ్లు పోయరు. ఒక్క రేకు మిగిలినా మా తాత ఊరుకునేవాడు కాదు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ని గనుకనే ఆ గీత మాయమవడం నాకు తప్పులా తోచలేదు. మీ తాతగారికి తోచింది.

జోగయ్య గురించి అడగలేదు గాని, రాస్తున్నాను. మొదటిసారి నీళ్లను అతను తన తువ్వాలులో వడకట్టాడు. ఆ తువ్వాలు వర్ణించడం నా వల్ల కాదు. చేపలు, చెమట, చుట్ట. తర్వాత అతన్ని ప్రయోగశాల నుంచి తీసి గేటు దగ్గర గంట కొట్టే పనిలో వేశారు. అదీ మీ తాతగారి సంతకమే.

జానకిరామయ్య


హైదరాబాదు,
22 ఆగస్టు

మావయ్య గారికి,

చేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. కాల్చిసిన్ ఇచ్చిన కణాలు విభజన నడుమ గుండ్రంగా బిగుసుకుని అలాగే ఉండిపోయాయి. గీత ముదిరింది, పోలేదు. మీ రెండో ఫిల్మునూ నా ఫిల్మునూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఆ రోజు మీ నీళ్లలో కాల్చిసినో అలాంటిదో ఉందని నేను నమ్ముతున్నాను.

పద్దెనిమిది గంటల తర్వాత మళ్లీ చూశాను. కొన్ని కణాలు ఆ బిగింపులోనే చచ్చిపోయాయి. కొన్ని మాత్రం దేన్నీ పంచుకోకుండానే, లోపలంతా చిందరవందరగా, ఎలాగో బయటపడ్డాయి. అలాంటివి ఎక్కువకాలం బాగుండవు. ఎందుకో మీకు రాయాలనిపించింది.

మొన్న ఆదివారం విజయనగరం వెళ్లాను. తాతయ్యకు మీ ఫిల్ము చూపించాను. కళ్లు సరిగా కనబడవు, వేలితో తడిమారు. తడుముతూనే "ఆ రెండోసారి నీళ్లు... తప్పు నాదే. జానకిరామయ్యకి చెప్పాలి" అన్నారు. ఇంకేం అడుగుదామన్నా అప్పటికే నిద్రపోయారు. దాచనన్నాను కనుక రాస్తున్నాను. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. దయచేసి తొందరపడకండి.

మహతి


పాతపట్నం,
29 ఆగస్టు

చిరంజీవి మహతికి,

చిరంజీవి అని రాశాను చూశావా? తొందరపడవద్దట! నలభై అయిదేళ్లు ఆగినవాడికి చెబుతున్నావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తవిటమ్మను కూర్చోబెట్టి అయిదోసారి పైకి చదివాను. "అయితే ఆ పెద్దాయన ఒప్పేసుకున్నాడన్నమాట. మరింకేటి, అన్నం తినండి" అంది. తిన్నాను. ఎన్నాళ్లకో రెండోసారి వడ్డించుకున్నాను.

వెంటనే త్రినాథ్‌కు రాశాను, కానివ్వమని. అధ్యాయం చివర ఒక పేరా చేర్చాను: "నీళ్లలో విషమున్నదని నిందితుని మనుమరాలే ప్రయోగపూర్వకంగా నిరూపించినది. నిందితుడు స్వయముగా నేరమంగీకరించినాడు." నీ పేరు పూర్తిగా వేయించాను, చదువుతో సహా. నీకు మేలే జరుగుతుంది. నిజం చెప్పిన శాస్త్రవేత్త అని నలుగురూ అంటారు.

మీ అమ్మకు ఒక కాపీ విడిగా పంపుతాను. ఏ ఇంటికి కోడలిగా వెళ్లిందో ఇప్పటికైనా తెలుసుకుంటుంది. ముహూర్తానికి ముందు నేను చెప్పాను. వినలేదు.

మీ మావయ్య,
జానకిరామయ్య


విజయనగరం,
6 సెప్టెంబరు

మావయ్య గారికి,

మీరు నా పేరు వేసినందుకు నాకు కోపం వచ్చింది. నీళ్లలో ఏముందో నేను చెప్పాను. ఎవరు కలిపారో చెప్పలేదు. ఆ తేడా తెలియని మనిషి ఆ గీతను కనిపెట్టలేడు. కాబట్టి మీకు తెలుసు, తెలిసే రాశారు.

సెలవు పెట్టి విజయనగరం వచ్చి, మీ ఉత్తరాలన్నీ అమ్మకు మొదటి నుంచీ చదివి వినిపించాను. మొదటి ఉత్తరంలో మడిబట్ట దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది. తర్వాత అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ ఏడాది నాన్న కాళ్లు వాచిపోయి నడవలేకపోతే వైద్యానికని శ్రీకాకుళంలో ఇల్లు తీసుకున్నాం కదే. వైద్యుడు అగ్నిశిఖ దుంప దంచి, కషాయం కాచి, దాంతో కాపడం పెట్టమన్నాడు. విషం, నోట్లో పెట్టుకోకూడదని పదిసార్లు చెప్పాడు. రోజూ పొద్దున్న అది వడకట్టే పని నాది. నాకు పదమూడేళ్లు. నాన్న మందు కదా, మైల గుడ్డ పనికిరాదని అమ్మ మడిబట్టే ఇచ్చేది. మడిబట్టకి సబ్బు పెట్టరు, నీళ్లలో జాడించి దండెం మీద వేస్తారు, అంతే. ఆ రోజు నేను సరిగ్గా జాడించను కూడా లేదు, బడికి వేళైపోయింది. ఈలోగా అన్నయ్య వచ్చి కర్రతో బట్ట లాగేశాడు. 'అయ్యో, అమ్మ చంపేస్తాది, సముద్రం నీళ్లకి మడిబట్టేటి' అన్నాను. 'అమ్మకి చెప్పకు హైమా, ఇవాళ నా బతుకు దీని మీదుంది' అన్నాడు. చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని నాకేం తెలుసు?"

మావయ్యా, అగ్నిశిఖ దుంపలో ఉండేది కాల్చిసినే. జంతుశాస్త్రం మీరు చదివారు, పక్క గదివాళ్లు వృక్షశాస్త్రం చదివారు. వాళ్లలో ఎవరిని అడిగినా ఆ రోజే చెప్పేవారు.

ఇంకొకటి. ఇవాళ పొద్దున్న తాతయ్య తెలివిగా ఉన్నారు. "నీళ్ల తప్పు నాదే అన్నారు, ఎందుకు?" అని అడిగాను. ఆయన అన్నారు: "నేను గైడుని. రెండోసారి నీళ్లు దేంట్లో వడకట్టావని అడగాలి. అడగలేదు. కుర్రాడు శుభ్రం శుభ్రం అంటుంటే వదిలేశాను. నాలుగేళ్ల తర్వాత ఆ పేపరు చూసినప్పుడు ఉత్తరం రాద్దామనుకున్నా. ఏ మొహంతో రాయను?"

అంతే. ఆయన ఒప్పుకున్న నేరం అది.

పుస్తకం ఇంకా బయటికి వెళ్లలేదని త్రినాథ్ గారు నాన్నతో చెప్పారు. రెండు వందల కాపీలూ మీ గదికే పంపారట. ఇక మీ ఇష్టం. అమ్మ మాత్రం ఒకటే అడుగుతోంది, "అన్నయ్య బొటనవేలు ఎలా ఉందని రాశాడా?" అని.

మహతి


విజయనగరం,
30 సెప్టెంబరు

మావయ్యా,

ఇరవై నాలుగు రోజులైంది. బదులు లేదు. తాతయ్య రోజూ "పాతపట్నం నుంచి ఏమైనా వచ్చిందా" అంటున్నారు. అన్నం మానేశారు, నీళ్లు మాత్రం తాగుతున్నారు. కోపంగానైనా రాయండి.

మహతి


పాతపట్నం,
9 అక్టోబరు

మహతికి,

కోపంగా రాయడానికే కూర్చున్నాను. ఎవరి మీదో తేలక ఆలస్యమైంది.

రెండు వందల పుస్తకాలు మంచానికీ తలుపుకూ నడుమ పేర్చి ఉన్నాయి. తలుపు సగమే తెరుచుకుంటుంది. తవిటమ్మ పక్కకు తిరిగి కంచం అందిస్తుంది. రాత్రీ పగలూ వాటినే చూస్తూ పడుకున్నాను. నా కోసం నేనే కట్టుకున్న గోడ, పైగా అచ్చు బాగా వచ్చింది.

నాకు మడిబట్ట జ్ఞాపకం లేక కాదు. మీ అమ్మ అరిచింది జ్ఞాపకం ఉంది. దండెం, కర్ర, తడి బట్ట వాసన అన్నీ ఉన్నాయి. కొంచెం ఘాటుగా, పచ్చి దుంప వాసన. ప్రయోగశాల దాకా నా చేతులకు ఆ వాసన వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లో తలుచుకున్నాను, ఎంత శుభ్రంగా చేశానో అని. ఆ శుభ్రం మీదే కదా ఏడో అధ్యాయం కట్టాను.

ఇప్పుడు నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేని సంగతి రాస్తాను. మీ తాతగారు అడగలేదని బాధపడుతున్నారు గదా, ఎందుకు అడగలేదో ఆయన మరిచిపోయారు. నాకు తెలుసు. రెండో ప్రయోగం పాడయ్యాక ఆయన నన్ను అడిగారు: "రెండుసార్లకీ తేడా ఏమిటి?" నేను అన్నాను: "మొదటిసారి నీళ్లు జోగయ్య మురికి తువ్వాలులో వడకట్టినవి, ఈసారి శుభ్రమైనవి." అంతే. గైడు ఎదుట నా చెయ్యి పాడనిపించుకోవడం ఇష్టంలేక ఇంకో చెయ్యి చూపించాను. అప్పుడిక ఆయన రెండో నీళ్ల గురించి ఎందుకు అడుగుతారు? మొదటి నీళ్లే మైలవయ్యాయి. నా నిజమైన ఫలితాన్ని మురికి అని నేనే చెప్పి కొట్టేయించాను.

వారం తిరక్కుండా జోగయ్యను గేటుకు మార్చారు. సంతకం మీ తాతగారిది. మాట నాది.

అతను వెళ్లేముందు నా దగ్గరికొచ్చాడు. తువ్వాలు భుజాన ఉంది. "బాబూ, నా తువ్వాలుకేటయింది? సముద్రంలో నానీ గుడ్డే కదా. ఆ నీల్లకి ఈ గుడ్డ కొత్తేటి?" అన్నాడు. కోప్పడలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆ గదిలో ఎవరూ అడగని శాస్త్రీయమైన ప్రశ్న అదొక్కటే. నేను తల ఎత్తలేదు. ఏవో కాగితాలు సర్దుకున్నాను. అతను పోయి చాలా కాలమైంది. గేటు దగ్గర పదకొండేళ్లు గంట కొట్టాడు. అందరి లెక్కలూ తేల్చాలని పుస్తకం రాసినవాణ్ని, అతని పేరు మాత్రం నీళ్లు మోసిన చోటే వాడుకున్నాను.

ఏడో అధ్యాయం చింపుతున్నాను. ఒక్కో పుస్తకంలో పద్నాలుగు పేజీలు. వేళ్లు వాచి ఉన్నాయి, రోజుకు పది పుస్తకాలకు మించి సాగడం లేదు. నిన్న తవిటమ్మ చూసి, "ఏటి బాబూ, రాసినోలే సింపేత్తే సదివేదెవులు?" అంది. ఇది చింపితేగాని కదలలేనన్నాను. "అయితే ఇటు తెండి" అని కూర్చుంది. నాకంటే వేగంగా చింపుతోంది. తలుపు ఇప్పుడు ముప్పాతిక తెరుచుకుంటోంది.

మీ తాతగారికి ఇది చదివి వినిపించు. మొత్తం, జోగయ్య సంగతితో సహా. అడగకపోవడం ఆయన తప్పు కాదని చెప్పు. నేను విజయనగరం రాలేను. మెట్ల దాకా వెళ్లాను, పైమెట్టు మీద కూర్చుని తిరిగి వచ్చాను. మీ అమ్మకు మెట్లు ఎక్కే శక్తి ఉంటే రమ్మను. బొటనవేలు అలాగే ఉంది.

ఇందులో నకలు కాదు, అసలు మొదటి ఫిల్మే పెట్టాను. నలభై అయిదేళ్లుగా ట్రంకు పెట్టె అడుగున ఉంది. నీ సిద్ధాంత గ్రంథంలో చోటుంటే వేసుకో. నా పేరు వేయాలో వద్దో నీ ఇష్టం. కానీ ఎవరు ఏమిచ్చారో రాసే చోట, బొమ్మ కిందనే, ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. ఒక్క అక్షరం మార్చకు.

"సముద్రపు నీరు: కళింగపట్నం నుంచి జోగయ్య తెచ్చి, తన తువ్వాలులో వడకట్టినది. శుభ్రమైనది."

మావయ్య